పది పాసైనాక ఏం చేర్పించాల సార్?

“మావోడు పది పాసైనాడు సార్. ఐదువందలు దాటినాయి. ఏం చేర్పించాల?”

అనంతపురంలో ఎండాకాలం వచ్చిందంటే ఈ మాట చెవిన పడని రోజుండదు. టీ బంకు దగ్గర, బస్టాండులో, పెళ్లి పందిట్లో, నలుగురు చేరిన చోటల్లా ఇదే. అడిగేది శెనక్కాయ రైతు కావచ్చు, ధర్మవరంలో మగ్గం మీద పట్టుచీర నేసే మనిషి కావచ్చు, బెంగుళూరులో బేల్దారి పనికి పోయి జాతరకు ఇల్లు చేరినాయన కావచ్చు. మీరూ ఈ ప్రశ్న విని ఉంటారు. మీ ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే అడిగీ ఉంటారు. ఈ పూట తీరిగ్గా కూర్చున్నాం కాబట్టి దీని సంగతే మాట్లాడుకుందాం.

మొన్న ఒకాయన అడిగినాడు. కొడుకును వెంటబెట్టుకొచ్చినాడు. “పిల్లోడికి ఏమంటే ఇష్టమన్నా?” అన్నాను. “వానికేం తెలుసు సార్, మీరు చెప్పండి, ఏది మంచిదైతే అదే చేర్పిస్తా” అన్నాడు. పిల్లవాడు తండ్రి వెనక నిలబడి కాలి బొటనవేలితో నేల గీస్తున్నాడు. నేను వాడితో ఊరి సంగతులు, తోట సంగతులు మాట్లాడుతూ పోతే కాసేపటికి గొంతు విప్పినాడు. బోరు మోటారు స్టార్టరు చెడిపోతే మెకానిక్కు కోసం ఎదురుచూడకుండా తనే విప్పి బాగు చేస్తాడట. కాంటాక్టులు ఎక్కడ కాలిపోతాయో, వోల్టేజీ తగ్గినప్పుడు మోటారు ఎందుకు మూలుగుతుందో చేతులు తిప్పుతూ చెప్పినాడు. ఆ ఐదు నిమిషాలు వాడి ముఖం చూడాల. “పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ అని ఒక కోర్సుంది, తెలుసునా?” అంటే తెలియదన్నాడు. తండ్రికీ తెలియదు. పాలిసెట్ పరీక్ష అప్పటికే అయిపోయింది.

నా బాధ అక్కడే. ఆ తండ్రిది నిర్లక్ష్యం కాదు, పిల్లవాడిది తెలివితక్కువతనమూ కాదు. అడగాల్సిన ప్రశ్న రెండేళ్లు ఆలస్యంగా వచ్చింది. ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు పిల్లవాడు తనకు తానుగా అడగాల్సిన మాటను, పరీక్షలయ్యాక తండ్రి ఎవరినో అడుగుతున్నాడు. ఆ లోపల ఏదో ఒక కాలేజీ మనిషి మోటారు సైకిలేసుకుని ఊళ్లోకొచ్చి, ఫోన్ నంబరు రాసుకుని, అడ్వాన్సు కట్టించుకుని పోతాడు. జీవితమంతా నడవాల్సిన దారి ఒక్క మధ్యాహ్నంలో తేలిపోతుంది.

మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో కరువెందుకో అందరికీ తెలుసు. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని అడ్డుకుంటాయి, తూర్పు తీరం దూరం, ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన. నీళ్ల కరువు సంగతి వంద సభల్లో మాట్లాడినాం, ఇంకా మాట్లాడతాం. దాని పక్కనే ఇంకో కొరత ఉంది, దాని గురించి సభలు జరగవు. చదువు తర్వాత ఏముందో చెప్పేవాళ్ల కొరత అది.

కాలేజీలు లేవా అంటే ఉన్నాయి. చాలా ఉన్నాయి. దత్తమండలాల కాలేజీ పేరుతో అనంతపురంలో 1916లోనే కాలేజీ చదువు మొదలైంది. ఇవాళ ఆర్ట్స్ కాలేజీ అంటున్నది దాన్నే. తర్వాతి రోజుల్లో రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డి అక్కడ చదువుకుంటూనే స్వాతంత్ర్యోద్యమంలోకి దూకినాడు. 1937లో కోస్తా పెద్దలతో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నప్పుడు రాయలసీమ పెద్దలు నదీజలాలతో పాటు చదువునూ మరిచిపోలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వాల్తేరులో ఒక కేంద్రం ఉంటే అనంతపురంలో ఇంకొకటి ఉండాలని రాయించినారు. మద్రాసు కాలంలోనే, 1946లో, ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. ఇప్పటి జేఎన్‌టీయూ దాని మీద పెరిగిందే. పీజీ సెంటరు 1968లో వస్తే, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కావడానికి 1981 దాకా పట్టింది. ఒడంబడిక రాసిన నలభై నాలుగేళ్లకన్నమాట. 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా ఈ నేలకే వచ్చింది. పెద్దలు కొట్లాడి తెచ్చిన చదువులివి. గేటు మన ఊళ్లోనే ఉంది, ఆ గేటు దాకా పిల్లవాడిని నడిపించే దారే సగంలో ఆగిపోయింది.

ఈ దారి వేయడానికి మన జిల్లాలో ప్రయత్నాలు జరగలేదనుకోకండి. జరిగినాయి, దేశం నేర్చుకోదగ్గవి జరిగినాయి. వాటిలో నాకు బాగా ఇష్టమైనవి చెబుతాను.

హిందూపురం పక్కన కొడిగెనహళ్లి పేరు వినే ఉంటారు. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో, 1971లో, నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల పెట్టినారు. ఆ మరుసటి ఏడు కోస్తాకు గుంటూరు జిల్లా తాడికొండ, సీమకు మన కొడిగెనహళ్లి. పల్లెల నుంచి పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకోవడం, అక్కడే ఉంచి తిండి, చదువు, ఆట అన్నీ ఇవ్వడం, టీచర్లు కూడా ఆ ఆవరణలోనే కాపురముండడం దాని పద్ధతి. కరువు పల్లె నుంచి వచ్చిన పిల్లవాడు పొద్దున టీచరు దగ్గర లెక్కలు నేర్చుకుని, సాయంత్రం అదే టీచరుతో వాలీబాల్ ఆడినాడు. అక్కడి నుంచి కలెక్టర్లు వచ్చినారు, డాక్టర్లు వచ్చినారు, శాస్త్రవేత్తలు వచ్చినారు. కొడిగెనహళ్లిలో చదివినవాడు తన పరిచయంలో ఆ మాట చెప్పకుండా ఉండడు, గమనించండి.

అక్కడ చదువు ఒక్కటే పని చేయలేదు. పైతరగతి అన్నలు పని చేసినారు. ఫలానా అన్న ఐఐటీకి పోయినాడు, ఫలానా అన్న వెటర్నరీ కాలేజీకి పోయినాడు అని చిన్నతరగతి పిల్లవాడి చెవిన రోజూ పడుతుంది. ఫారం ఎట్లా నింపాలో, పరీక్ష ఎక్కడ రాయాలో, రైలు ఏ స్టేషన్లో దిగాలో అన్న చెబుతాడు. పట్నం పిల్లలకు ఇంట్లో, బంధువుల్లో దొరికే సమాచారం ఈ పిల్లలకు హాస్టల్ గదిలో దొరికింది. మన ఊరి హైస్కూలు పిల్లలకు లేనిది సరిగ్గా అదే. అక్కడ పది పాసైనవాడు బడి వదిలి పోతే మళ్లీ ఆ గేటులోకి రాడు, వాడేమైనాడో తర్వాతి పిల్లలకు తెలియదు.

కాకపోతే గురుకులం ఎంచుకున్న పిల్లలది. ఊరికి ఒకడో ఇద్దరో పోతారు. మిగతావాళ్ల మాటేమిటి? ఆ మాట దగ్గరికొస్తే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును, మనమందరం ఆర్‌డీటీ అనే సంస్థను తలవకుండా అనంతపురం కబుర్లు సాగవు.

ఆ సంస్థను పెట్టిన స్పెయిన్ దేశస్థుడు ఫాదర్ ఫెర్రర్‌ను మహారాష్ట్రలోని మన్మాడ్ నుంచి పంపించేస్తే, తిరిగొచ్చి, ఎవరూ కోరి రాని నేలను ఎంచుకుని 1969లో అనంతపురంలో దిగినారు. అన్నే ఫెర్రర్ ఆయనతో కలిసి నడిచినారు. ఆ సంస్థ కట్టిన ఇళ్లు, ఆసుపత్రులు, తవ్వించిన కుంటలు మీకు తెలిసినవే. 2009లో ఆయన పోయినప్పుడు జిల్లా మొత్తం ఏడ్చింది. నాకు అన్నిటికన్నా మిన్నగా అనిపించే పని మాత్రం దళితవాడల్లో సాయంత్రం నడిచే చిన్న బడులు. ప్రభుత్వ బడికి పోటీగా పెట్టినవి కావవి. పగలు సర్కారు బడికి పోయొచ్చిన పిల్లలు, తల్లిదండ్రులకు చదువు రాని ఇళ్ల పిల్లలు, పొద్దుగుంకినాక ఒక చోట కూర్చుని ఆ రోజు పాఠం మళ్లీ చదువుకోవడానికి ఒక గది, ఒక దీపం, ఒక టీచరు. ఇంత సాదా సంగతి. ఇంట్లో “హోంవర్కు చేసినావా?” అని అడిగి నోట్సు చూడగలిగే తల్లి ఉన్న పిల్లకూ లేని పిల్లకూ మధ్య ఉన్న తేడా పదో తరగతికి వచ్చేసరికి ఎంతవుతుందో టీచర్లనడగండి. ఆ తేడాను చిన్నప్పుడే పూడ్చే పని అది.

అదే సంస్థ అనంతపురంలో విదేశీ భాషల బడి నడుపుతోంది. పల్లె నుంచి వచ్చి, తెలుగు మీడియంలో చదివి, ఏదో ఒక డిగ్రీ చేతబట్టుకుని ఇంట్లో కూర్చున్న పిల్లల్ని తీసుకుని, అక్కడే ఉంచి, పైసా తీసుకోకుండా ఇంగ్లీషుతో పాటు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ భాషల్లో ఒకటి నేర్పుతారు. చదువయ్యాక బెంగుళూరు, హైదరాబాదు కంపెనీల్లో ఉద్యోగాలు. యూరప్‌లోని ఆఫీసుల లెక్కలు చూసే పనులు, వాళ్ల ఖాతాదార్లతో మాట్లాడే పనులు మన నగరాలకు వచ్చి ఏళ్లయింది. ఇంగ్లీషు ఒక్కటే వచ్చినవాళ్లు ఊరి నిండా ఉన్నారు. ఇంగ్లీషుతో పాటు జర్మన్ వచ్చినవాళ్లు కావాలంటే వెతుక్కోవాలి. ఆ ఖాళీని చూసి, దాన్ని కరువు జిల్లా పిల్లల వైపు తిప్పినారు. ఆర్‌డీటీకి స్పెయిన్‌తో ఉన్న చుట్టరికం వల్ల మొలకెత్తిన ఆలోచన ఇది. ఉన్న చుట్టరికాన్ని చందాలకే కాకుండా చదువుకు వాడుకోవడం దానిలోని గొప్ప.

స్పానిష్ మన పిల్లలకు ఎట్లా ఎక్కుతుందని మీరు అనుమానపడొచ్చు. ఎక్కుతుంది, కారణం కూడా ఉంది. మనం “వస్తాను, వస్తావు, వస్తాడు” అంటాం. నేను, నువ్వు, వాడు అని ముందు చెప్పకపోయినా క్రియ చివరే ఎవరో చెప్పేస్తుంది. స్పానిష్‌లోనూ అంతే. మాట్లాడతాను అంటే ఆబ్లో, మాట్లాడతావు అంటే ఆబ్లాస్, మాట్లాడుతుంది అంటే ఆబ్లా. చివర మారితే మనిషి మారతాడు. వాళ్ల త మన త లాగే పళ్లకు తగులుతుంది. మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి. ర ను నాలుక కొసన దొర్లించడం మనకు నేర్పక్కర్లేదు. ఇంగ్లీషు ముందు పదేళ్లు తలవంచుకుని కూర్చున్న పిల్ల, స్పానిష్ క్లాసులో నోరు తెరవగానే సరిగ్గా పలికిందనుకోండి, ఆ పిల్ల లోపల ఏం జరుగుతుందో ఊహించండి. తనకు చదువు రాదని ఇన్నాళ్లూ అనుకున్నది ఒట్టిదని తేలిపోతుంది. ఉద్యోగం ఆ తర్వాతి సంగతి. ఆ ఒక్క తెలివిడి చాలు, అదే పిల్ల ఇంగ్లీషు ముందు కూడా తలెత్తుకుంటుంది.

ఇంకో ముచ్చట. టెన్నిస్ ఆటగాడు రఫేల్ నాదల్ ఫౌండేషన్ ఆర్‌డీటీతో కలిసి 2010లో అనంతపురంలో ఒక బడి తెరిచింది. నాదల్ స్వయంగా వచ్చినాడు. అక్కడ టెన్నిస్‌తో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు నేర్పుతారు. “పల్లె పిల్లలకు టెన్నిస్ ఎందుకు?” అని అప్పుడు అన్నవాళ్లున్నారు. ఆ ప్రశ్నే నాకు కష్టంగా ఉంటుంది. కరువు పిల్లలకు కరువు చదువు చాలుననుకోవడం ఎంత అన్యాయం! చేతిలో రాకెట్ పట్టుకుని గెలిచిన పిల్ల రేపు ఇంటర్వ్యూ గదిలో భయపడదు. కోర్టులో ఓడి, పక్క రోజు మళ్లీ వచ్చి ఆడడం నేర్చుకున్న పిల్లవాడు ఒక సెమిస్టరు తప్పినంత మాత్రాన ఊరికి పారిపోడు.

సరే, ఇవన్నీ సంస్థలు చేసినవి. డబ్బు కావాలి, భవనాలు కావాలి. పెద్ద డబ్బు లేకుండా, మన హైస్కూల్లోనే, ఎనిమిదో తరగతికే చేయగలిగింది ఒకటుంది.

కే-6 అంటే ఏమిటని మన జిల్లాలో ఏ రైతు బిడ్డనైనా అడగండి. శెనక్కాయ విత్తనమని టక్కున చెబుతాడు. దానికి ముందు టీఎంవీ-2 ఉండేదని వాళ్ల అవ్వ చెబుతుంది. ఇప్పుడు కదిరి లేపాక్షి అనే రకం పేరు పల్లెపల్లెనా వినబడుతోంది. మరి ఆ కే ఎక్కడిదిరా అంటే చెప్పలేడు. కదిరిది. కదిరిలోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో, రోడ్డు మీద రోజూ బస్సులో పోతూ మనం చూసే ఆ కంచె లోపల, కొందరు మనుషులు ఏళ్ల తరబడి ఒక మొక్క పూవు పుప్పొడిని ఇంకో మొక్క పూవుకు అంటించి, పుట్టిన గింజల్ని నాటి, బెట్టకు తట్టుకున్నదేది, తెగులుకు నిలిచిందేది అని ఏరి ఏరి తెచ్చిన విత్తనమది. ఆ పని చేసే మనిషికి ఒక ఉద్యోగం ఉంది, జీతం ఉంది, ఆ ఉద్యోగానికి ఒక చదువు ఉంది. మన పిల్లవాడు ఆ విత్తనం వొలిచినాడు, విత్తినాడు, పీకినాడు, అమ్మినాడు. ఆ ఉద్యోగం ఒకటుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఎనిమిదో తరగతి పిల్లల్ని ఒక రోజు అక్కడికి తీసుకుపోతే? పూవును పూవుతో కలిపే పని కళ్లారా చూపించి, “ఇది చేయాలంటే ఏం చదవాలి సార్?” అని ఆ శాస్త్రవేత్తనే అడిగిస్తే? బైపీసీ అంటే డాక్టరే అనుకునే ఊళ్లో, బైపీసీ చదివి వ్యవసాయ కాలేజీకి పోవచ్చనీ, అసలు పది తర్వాతే రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా ఉందనీ, అది చదివినవాళ్లు అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరొచ్చనీ ఆ ఒక్క రోజులో తెలుస్తుంది. ఖర్చు ఒక బస్సు బాడుగ.

అట్లా చూడడం మొదలుపెడితే మన జిల్లా నిండా పాఠాలే. నంబులపూలకుంట సోలార్ పార్కులో పలకలు బారులు తీరి ఉన్నాయి. వాటిని ఎవరు తుడుస్తారు, ఎవరు కొలుస్తారు, ఎండ కరెంటుగా మారి తీగల్లో ఎట్లా పోతుంది? రామగిరి గుట్టల మీద గాలిమరలు తిరుగుతుంటాయి. చీనీ తోటల్లో డ్రిప్పు ఉంది, దాని ఫిల్టరు పూడిపోతే బాగు చేసేవాడికి ఊరూరా పని ఉంది. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టు ఉంది, గుంతకల్లు రైల్వే ఉంది. వీటిలో ప్రతిదాని వెనకా చదువులున్నాయి, ఐటీఐ నుంచి పీహెచ్‌డీ దాకా. ఒక గుట్ట, ఒక తోట, ఒక మార్కెట్టు చూసి వచ్చినాక లెక్కల టీచరు వాటినే లెక్కలుగా చెబితే, పిల్లలకు లెక్క ఎందుకో వేరే చెప్పాల్సిన పని లేదు.

కియా సంగతి అడుగుతారని తెలుసు. పెనుకొండ దగ్గర ఎర్రమంచి పొలాల్లో కార్ల కర్మాగారం పెడతామని 2017లో ఒప్పందం రాసుకున్నారు, 2019లో సెల్టోస్ కార్లు బయటికొచ్చినాయి. ఒకప్పుడు విజయనగర రాజులు విడిది చేసిన ఊరి పక్కన ఇవాళ మరమనుషులు కారు చట్రాలకు అతుకులేస్తున్నాయి. చుట్టుపక్కల ఊళ్లలో డిప్లొమా, ఐటీఐ చదువులకు గిరాకీ పెరిగింది. పిల్లలకు కంటి ముందర ఒక ఉద్యోగం కనబడడం మంచిదే, నేను సంతోషించినవాణ్ణే. ఒక్క మాట మాత్రం తల్లిదండ్రులకు చెబుతాను. ఒక కంపెనీ గేటుకు సరిపోయేట్టు పిల్లవాణ్ణి కొలిచి కుట్టకండి. కార్లు మారతాయి, పెట్రోలు పోయి బ్యాటరీ వస్తుంది, ఈ రోజు నేర్చుకున్న బిగింపు రేపుండదు. కొత్తది తనంతట తాను నేర్చుకునే అలవాటు ఉన్న పిల్లవాడు ఏ గేటు దగ్గరా ఆగిపోడు.

ఆ అలవాటు ఎప్పుడు వస్తుందంటారా? కాలేజీలో రాదు. ఒకటో తరగతిలో మొదలవ్వాలి. దీనికి దూరం పోనక్కర్లేదు, కదిరి దాటి మదనపల్లె వైపు పోతే రిషివ్యాలీ ఉంది. మన జిల్లా కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి చిన్నప్పుడు చదివిన బడి అది. పెద్ద బడి సంగతి కాదు నేను చెప్పేది. చుట్టూ ఉన్న పల్లెల్లో ఒకే టీచరు అన్ని తరగతులూ చూసుకోవాల్సిన చిన్న బడుల కోసం, రమ, పద్మనాభరావు దంపతులు అక్కడ ఒక పద్ధతి తయారు చేసినారు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టినారు. గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ. పిల్ల తను ఏ మెట్టు మీద ఉందో తనే చూసుకుంటుంది, ఆ మెట్టుకు సరిపోయే కార్డు తనే తీసుకుంటుంది, కార్డు మీది గుర్తు చూసి ఏ గుంపులో కూర్చోవాలో తెలుసుకుంటుంది. ఒక గుంపుకు టీచరు పక్కనే ఉండాలి, ఒక గుంపుకు అప్పుడప్పుడు చాలు, ఒక చోట పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు, ఒక చోట ఎవరి పని వాళ్లదే. జ్వరమొచ్చి వారం రాని పిల్ల వచ్చినాక ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే ఎక్కుతుంది. శెనక్కాయ పీకే రోజుల్లో బడి మానేసే పిల్లలకు ఇంతకన్నా కావాల్సిందేముంది! తమిళనాడు, కర్ణాటక ప్రభుత్వాలు ఈ ఆలోచనను తమ బడుల్లోకి తీసుకుపోయినాయి. ‘నేనెక్కడున్నాను, తర్వాత ఏమిటి?’ అని ఆరేళ్లకే తనను తాను అడుక్కోవడం నేర్చుకున్న పిల్ల, పదిహేనేళ్లకు ‘ఏం చేర్పించాల’ అని తండ్రి ఇంకొకరిని అడిగేదాకా ఆగుతుందా?

ఇక దారుల సంగతి. మన ఇళ్లలో తెలిసినవి ఎంపీసీ, బైపీసీ రెండే. పది తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేయొచ్చు, అది అయినాక ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏట చేరొచ్చు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ పది మార్కుల మీదే ఆరేళ్ల చదువుకు తీసుకుంటుంది, సర్కారు బడి పిల్లలకు అదనంగా కొంత స్కోరు కలుపుతుంది కూడా. 2008లో ఈ ట్రిపుల్ ఐటీలు పెట్టిందే పల్లె పిల్లల కోసం. పశువైద్యంలో డిప్లొమా ఉంది. ఒకేషనల్ ఇంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుంది, పట్టు పరిశ్రమ కోర్సుంది. సీఈసీ చదివి సీఏ కావచ్చు, లా చదవొచ్చు. ఏ ఒక్కటీ రహస్యం కాదు. పేపర్లో వస్తాయి. ఆ పేపరు పల్లెలో పిల్లవాడి చేతికి రాదు, ఫోన్లో వచ్చేది వేరే.

ఆడపిల్లల దగ్గర ఈ మాట ఇంకా పదునుగా తగులుతుంది. మగపిల్లవాడికి దారి తెలియకపోతే ఏదో ఒక కాలేజీలో చేరతాడు. ఆడపిల్లకు దారి తెలియకపోతే పెళ్లిచూపులు మొదలవుతాయి. ఇంటర్ కాలేజీ ఆటో పోయే దూరంలో లేకపోతే “ఇంక చాల్లేమ్మా” అంటారు. పదో తరగతి దాకా ఉన్న కస్తూర్బా విద్యాలయాల్లో ఇంటర్ కూడా పెట్టడం ఈ మధ్య జరిగిన మంచి పనుల్లో ఒకటని నేననేది అందుకే. అదే హాస్టలు, అవే టీచర్లు, ఇంకో రెండేళ్లు. ఆ రెండేళ్లలో పిల్లకు పద్దెనిమిది దగ్గరపడతాయి, నోరూ వస్తుంది.

డిగ్రీలో కూడా ఒక మంచి మార్పు వచ్చింది, దాన్ని పాడు చేసుకోకూడదు. 2020-21లో చేరిన పిల్లల నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదువులో మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసినారు. మొదటి వేసవిలో ఊరి కోసం ఒక ప్రాజెక్టు చేయాలి. ఆ ప్రాజెక్టులో ఊరి బోర్లు ఎన్ని, ఎంత లోతు, ఏ ఏడు ఎండినాయి అని ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చిన పిల్లలు నాకు తెలుసు. వాళ్లకు నోట్సులో లేని భూగర్భజలం, గణాంకాలు, మనుషులతో మాట్లాడే నేర్పు, మూడూ ఒకేసారి వచ్చినాయి. జిరాక్సు షాపులో తయారైన రిపోర్టు కొనుక్కుని ఇచ్చినవాళ్లూ ఉన్నారని వింటున్నాం. ఆ పిల్లల్ని తిట్టి లాభం లేదు. వెంట ఉండి నడిపించాల్సిన లెక్చరర్లు చాలినంతమంది లేరు, తీసుకునే కంపెనీలు ఊళ్లో లేవు. కదిరి పరిశోధన కేంద్రం, సోలార్ పార్కు, పాల డెయిరీ, పండ్ల మార్కెట్టు, రైతు సంఘాలు ఏడాదికి పదిమంది చొప్పున డిగ్రీ పిల్లల్ని తీసుకున్నా ఈ పది నెలలు పండుతాయి. ఇది జిల్లా అధికారులు ఒక ఉత్తర్వుతో చేయించగలిగిన పని.

టీచర్ల మీద ఇంకో బరువు వేస్తున్నావని మీరంటే ఒప్పుకోను. కోడిగుడ్ల లెక్క లాంటివి ఇప్పటికే వాళ్లు ఎన్నో మోస్తున్నారు. ఈ పని చేయాల్సింది మనం. పల్లె హైస్కూల్లో చదివి, అనంతపురంలోనో హైదరాబాదులోనో అమెరికాలోనో కుదురుకున్న మనం. కొడిగెనహళ్లిలో అన్నలు చేసిన పనిని మన ఊరి బడిలో చేయడానికి హాస్టలు కట్టక్కర్లేదు.

కాబట్టి ఈ కబుర్లు చదువుతున్న మీలో సీమ పల్లెల్లో చదివినవాళ్లకు నాదొక మనవి. సంక్రాంతికి ఊరికి వస్తారు కదా. ఒక రోజు ముందుగా రండి, బడికి సెలవులివ్వక ముందే. హెడ్మాస్టరుగారిని కలిసి, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో గడపడానికి ఒక గంట అడగండి. ఉపన్యాసం వద్దు. మీరు చేసే పని ఏమిటో, పొద్దున లేచి ఏం చేస్తారో, దానికి ఏం చదివినారో, ఏ పరీక్ష రాసినారో, ఎంత ఖర్చయిందో, ఎక్కడ తప్పినారో చెప్పండి. మీ పని చిన్నదని మానుకోకండి. నర్సయితే నర్సు సంగతి, రైలు గార్డయితే గార్డు సంగతి, డ్రిప్పు కంపెనీలో ఉంటే డ్రిప్పు సంగతి చెప్పండి. పాలిసెట్, ట్రిపుల్ ఐటీ దరఖాస్తులు ఏ నెలలో వస్తాయో నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించండి. మీ ఫోన్ నంబరు ఆ బడి టీచరు దగ్గర పెట్టి, మే నెలలో ఎవరైనా చేస్తే తీయండి.